మీటరులో మిణుకుమనే ఎర్ర దీపం: ఒక విద్యుత్ పాఠం తయారైన తీరు

విలేకరిగా ఉన్న రోజుల్లో నేను రాసిన ఒక వార్త ముక్కను ఇప్పటికీ దాచి ఉంచాను. ఒక సౌర విద్యుత్ కేంద్రం గురించిన చిన్న వార్త అది. ‘ఇక్కడ రోజుకు 10 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి అవుతుంది’ అని రాశాను. మర్నాడు పొద్దున్నే రిటైరైన ఒక విద్యుత్ ఇంజినీరు ఆఫీసుకు ఫోను చేశారు. కోప్పడలేదు. “అమ్మా, బస్సు రోజుకు అరవై కిలోమీటర్ల వేగం నడిచిందని రాస్తారా? మెగావాట్ అంటే వేగం లాంటిది. ఆ వేగంతో ఎన్ని గంటలు నడిచిందో చెబితేనే ఎంత కరెంటు వచ్చిందో తెలుస్తుంది” అన్నారు.

సవరణ వేశాం. కానీ ఆ తప్పు నన్ను చాలాకాలం వదల్లేదు. నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్ అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను. తెలియక చేసిన తప్పు కాదది. ఎవరో చెప్పిన అంకెను, అది దేన్ని కొలుస్తోందో అడగకుండా రాసుకున్నందువల్ల జరిగిన తప్పు.

ఉద్యోగం వదిలి, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులతో కలిసి సైన్సు పాఠాలు తయారు చేసే పనిలోకి వచ్చాక కూడా ఆ కాగితం ముక్క నా వెంటే ఉంది. 2024 జూన్‌లో పాత నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, పదో తరగతి విద్యుత్ పాఠం మీద చేసిన పని గురించి ఇక్కడ రాస్తున్నాను. తరగతిలో 34 మంది. ఆరు పీరియడ్లు చాలనుకున్నాం, తొమ్మిది పట్టాయి.

భౌతిక శాస్త్రం చెప్పే సార్ నన్ను రమ్మనడానికి ఒక కారణం ఉంది. ‘60 వాట్ల బల్బు రోజుకు 5 గంటల చొప్పున 30 రోజులు వెలిగితే ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి?’ అని అడిగితే దాదాపు అందరూ 9 అని సరిగ్గానే చేస్తారు. అదే పిల్లలు మరుక్షణం ‘ఈ బల్బు గంటకు ఎన్ని వాట్లు తింటుంది?’ అని మాట్లాడుకుంటారు. లెక్క వస్తోంది, ఆ లెక్కలోని మాట అర్థం కావడం లేదని ఆయన బాధ. మొదటి రోజు నేను తరగతిలో తిరుగుతున్న ఫ్యాను వైపు చూపించి, “దీని మీద 75 వాట్లు అని ఉంది. రెండు గంటలు తిరిగితే ఎన్ని వాట్లు?” అని అడిగాను. “150” అని ఒక్క గొంతుతో చెప్పారు. నా వార్తలో ఉన్న తప్పే అది.

చెప్పడం వేరు, అడగడం వేరు

నేను మొదట తయారు చేసిన పాఠం చదవడానికి బాగుండేది. హంగేరీ ఇంజినీరు ఒట్టో బ్లాతీ 1889లో ఏసీ కరెంటును (దిశ మార్చుకుంటూ ఉండే కరెంటును) కొలిచే మీటరుకు పేటెంటు తీసుకోవడంతో మొదలుపెట్టి, ఇళ్లలో గిరగిరా తిరిగే అల్యూమినియం చక్రాల మీదుగా ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల దాకా కథలా నడిపాను. ఆదివారం అనుబంధంలో వేసుకోదగ్గ వ్యాసం. పిల్లలు మర్యాదగా విన్నారు. పీరియడ్ అయ్యాక ఒక్కరూ ఏమీ అడగలేదు. సార్ మాత్రం బయటికి వచ్చాక, “మేడమ్, కథ బాగుంది. కానీ ఇది వాళ్లు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు కదా” అన్నారు.

ఆ మాటతో ఆ పాఠాన్ని పక్కన పెట్టేశాను. పత్రికల నుంచి చదువు రంగంలోకి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదేనని నా నమ్మకం. కథ చెప్పే నేర్పును వెంట తెచ్చుకుంటాం. వార్త కోసం తిరిగేటప్పుడు ఉన్న కుతూహలాన్ని, అంటే ‘ఇది నీకెలా తెలుసు? ఇంకెవరు చెబుతున్నారు? నువ్వు చూశావా, విన్నావా?’ అని పట్టుకుని వేలాడే గుణాన్ని ఆఫీసులోనే వదిలేసి వస్తాం. పిల్లలకు పనికొచ్చేది ఆ రెండోది.

సరే, ప్రశ్న వాళ్ల నుంచే రావాలి. ఇంటి నుంచి కరెంటు బిల్లులు తెమ్మన్నాను. అక్కడ ఒక చిక్కు వచ్చింది. తెలంగాణలో ఆ ఏడాది ఫిబ్రవరి 27న గృహజ్యోతి పథకం మొదలైంది. అర్హత ఉన్న ఇళ్లు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. “మాకు బిల్లు రాదు మేడమ్” అని సగం మంది ఖాళీ చేతులతో వచ్చారు. డబ్బు కట్టనక్కర్లేని కాగితాన్ని ఎవరు దాచుకుంటారు? ఇక ఆ దారి మూసుకుపోయిందనుకునేలోగా మూడో బెంచీలో కూర్చున్న అమ్మాయి లేచి, “మాకు మార్చిలో సున్నా వచ్చింది, ఏప్రిల్‌లో సున్నా వచ్చింది, మేలో మాత్రం మొత్తం కట్టమని వచ్చింది. ఎందుకు?” అని అడిగింది.

200 దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు వస్తుంది. ఆ సంగతి తరగతిలో చాలామందికి తెలుసు. కానీ ఆ ఇంట్లో మే నెలలో ఏది వాడితే 200 దాటిందో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు, సార్‌కూ తెలియదు. పాఠం అక్కడ మొదలైంది. జవాబు ముందే తెలిసిన ప్రశ్నను పిల్లల ముందు పెట్టి ‘కనిపెట్టండి’ అన్నప్పుడు వాళ్లు మన ముఖం చూస్తారు, ప్రశ్నను చూడరు. ఈసారి చూడటానికి మా ముఖాల్లో ఏమీ లేదు.

ఒక మిణుకు, 1125 జౌళ్లు

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో ముద్రించి ఉంటుంది. చాలా మీటర్ల మీద ఆ అంకె 3200. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. దాన్ని 3200తో భాగిస్తే 1125. దీపం ఒకసారి మిణుకుమందంటే ఇంట్లోకి 1125 జౌళ్ల శక్తి వచ్చి చేరిందన్న మాట. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వచ్చేది వాట్లు.

ఈ ఒక్క భాగహారంలోనే సామర్థ్యానికి (పవర్), శక్తికి (ఎనర్జీ) ఉన్న తేడా అంతా ఉంది. మిణుకుల సంఖ్య శక్తి, మిణుకుల వేగం సామర్థ్యం. 75 వాట్ల ఫ్యాను ఒక్కటే తిరుగుతుంటే 15 సెకన్లకు ఒక మిణుకు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే వెలుగుతుంటే రెండు నిమిషాల 5 సెకన్లకు ఒకటి. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె పెడితే సెకను కంటే కాస్త ఎక్కువ సమయానికి ఒకటి. ఫ్యాను రెండు గంటలు తిరిగినా మిణుకుల మధ్య ఎడం 15 సెకన్లే ఉంటుంది, మిణుకుల లెక్క మాత్రం రెట్టింపవుతుంది. బడి మీటరు ముందు నిలబడి ఇది చూసిన తర్వాత ‘రెండు గంటలకు 150 వాట్లు’ అన్న మాట ఆ తరగతిలో మళ్లీ వినలేదు.

ఇంటికి పంపే ముందు కట్టుబాట్లు పెట్టాం. మీటరును, ఫ్యూజులను ముట్టుకోకూడదు. స్టూలు ఎక్కకూడదు. స్విచ్చులు ఆపడం, వేయడం పెద్దవాళ్లే చేయాలి. మీటరు పైన ఎక్కడో ఉంటే కింద నిలబడి ఫోనులో వీడియో తీసుకుని తర్వాత లెక్కపెట్టుకోవాలి. ఇంట్లో ఎవరైనా వద్దంటే అక్కడితో ఆపేయాలి.

నోటు పుస్తకంలో ప్రతి పేజీనీ మూడు నిలువు గళ్లుగా గీయించాను: చూసింది, విన్నది, అనుకున్నది. విలేకరిగా చేరిన కొత్తలో నా పుస్తకానికి మా బ్యూరో పెద్దాయన గీయించిన గళ్లే అవి. ‘ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది’ అన్న మాటను మొదట్లో అందరూ ‘చూసింది’లో రాశారు. నిజానికి అది డబ్బా మీద కంపెనీ రాసిన మాట. అంటే ‘విన్నది’. ఆ ఒక్క వాక్యాన్ని ఏ గడిలో వేయాలో తేల్చుకోవడానికి దాదాపు పీరియడ్ అంతా పట్టింది. పాఠ్యప్రణాళిక లెక్కన చూస్తే ఆ సమయం దండగ. నా లెక్కలో మాత్రం ఆ తొమ్మిది పీరియడ్లలో అంతకంటే విలువైనది లేదు.

పిల్లలు సొంతంగా కొలిచిన అంకెల మీద సైన్సు పాఠాన్ని నిలబెట్టడం నేను కనిపెట్టిన పద్ధతి కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం మూడు దశాబ్దాలు ఆ దారిలోనే నడిచింది, 2002లో ఆగిపోయింది. ఆ పని గురించి తెలుసుకున్నాకే నాకు ధైర్యం వచ్చింది. దానికి నేను జోడించింది ఒక్కటే. కొలత పూర్తయిన తర్వాత దాన్ని వార్తలా నిలదీయడం.

అంకెలు తగాదా పడ్డ రోజులు

మొదటి తగాదా చిన్నదే. పది మిణుకులకు పట్టిన సమయం చూసి పదితో భాగించమంటే, సగం జట్లకు ఒక జవాబు, మిగతా సగానికి ఇంకొక జవాబు వచ్చాయి. మొదటి మిణుకును ‘ఒకటి’ అని లెక్కపెట్టినవాళ్లకు పది మిణుకుల మధ్య తొమ్మిది ఎడాలే దొరుకుతాయి. ‘సున్నా’ అని మొదలుపెట్టినవాళ్లకు పది. ఎవరిది సరైనదో నేను చెప్పలేదు. ఇద్దరబ్బాయిలు నల్లబల్ల మీద పది గీతలు గీసి మధ్య ఖాళీలు లెక్కపెట్టి తేల్చారు.

రెండో తగాదా మే నెల బిల్లు అమ్మాయిది. తమ ఇంటి ఫ్యాను 150 వాట్లు తీసుకుంటోందని లెక్క తెచ్చింది. ఏడున్నర సెకన్లకు ఒక మిణుకు. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అంతే. “ఫ్యాను పాడైంది, అందుకే 200 దాటింది” అని కథ కూడా సిద్ధంగా ఉంది. తరగతి ఒప్పేసుకుంది. వార్తల్లో నాకు బాగా తెలిసిన ప్రమాదం ఇది. అంకె మన కథకు సరిగ్గా అతికినప్పుడు దాన్ని తిరిగి చూడాలనిపించదు.

“రెండో ఫ్యాను కూడా చూశావా?” అని మాత్రం అడిగాను. మర్నాడు వచ్చి రెండో ఫ్యానూ 150 వాట్లేనంది. రెండు ఫ్యాన్లూ ఒకే తీరున పాడవుతాయా అని పక్కనున్న పిల్ల అడిగింది. ఇద్దరూ కలిసి ఆ సాయంత్రం మీటరు ఫోటో తీసుకొచ్చారు. దాని మీద ఉన్న అంకె 3200 కాదు, 6400. ఆ మీటరులో ఒక మిణుకంటే 562.5 జౌళ్లే. ఫ్యాను 75 వాట్లే తీసుకుంటోంది. తరగతి మొత్తం బల్ల మీది 1125ను నమ్మి వాడుకుంది, ఎవరి మీటరు వాళ్లు చదువుకోలేదు. ఆ తప్పులో నా వాటా పెద్దది. మొదటి రోజు ‘మీ మీటరు మీద ఎంత ఉందో ముందు చూడండి’ అని గట్టిగా చెప్పి ఉండాల్సింది.

అయితే మే నెల బిల్లు ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఈసారి ఆ అమ్మాయి మూలన పెట్టిన కూలర్‌ను నాన్న చేత బయటికి తీయించి నడిపించింది. మూడు సెకన్లకు ఒక మిణుకు, అంటే దాదాపు 188 వాట్లు. ఎండాకాలం రోజుకు ఎన్ని గంటలు వేశారని అమ్మను, నాన్నను, నానమ్మను విడివిడిగా అడిగింది. ముగ్గురూ మూడు లెక్కలు చెప్పారు. మధ్యాహ్నమంతా ఇంట్లో ఉండేది నానమ్మ కాబట్టి ఆమె చెప్పిన 14 గంటలను తీసుకుంది. ఆ కారణాన్ని పుస్తకంలో రాసుకుంది కూడా. నెలకు దాదాపు 79 యూనిట్లు. ఎవరి మాటను ఎందుకు నమ్మిందో రాసుకున్న ఆ ఒక్క వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం, నా సొంత వార్తలు మొదటి పేజీలో వచ్చినప్పుడు కూడా కలగలేదు.

200 యూనిట్లను 30 రోజులకు పంచితే రోజుకు 6.7 యూనిట్లు. ఇరవై నాలుగు గంటలూ ఆగకుండా 278 వాట్లు వాడినట్టు. ఈ 278 అన్న అంకె తరగతిలో బాగా పాకిపోయింది. ‘మా ఇల్లు ఇప్పుడు 278 కింద ఉందా, పైన ఉందా’ అని మిణుకులు చూసి చెప్పుకోవడం ఒక ఆటయింది. 3200 మీటరుకు అది నాలుగు సెకన్లకు ఒక మిణుకు.

మీటరే వేగంగా తిరుగుతోందా?

ఒక అబ్బాయి వాళ్ల అమ్మ బడికి వచ్చి నాతో, “మేడమ్, మేం అంత వాడటం లేదు. మీటరే వేగంగా తిరుగుతోంది” అన్నారు. ఈ మాట తెలుగునాట ఏ వీధిలోనైనా వినిపిస్తుంది. విలేకరిగా నేనూ చాలాసార్లు రాసుకున్నాను, ఒక్కసారీ పరీక్షించలేదు. ఎలా పరీక్షిస్తామో తరగతినే అడిగాను. ‘ఎంత తీసుకుంటుందో ముందే తెలిసిన వస్తువును పెట్టి చూడాలి’ అని వాళ్లే తేల్చారు. ఊళ్లో మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్ దగ్గర పాత ఫిలమెంట్ బల్బు దొరికింది. దాని మీద 100 వాట్లు, 230 వోల్టులు అని ఉంది.

ఆ అబ్బాయి ఇంట్లో అన్నీ ఆపించి, ఆ బల్బు ఒక్కటే వేసి చూశాడు. తొమ్మిది సెకన్లకు ఒక మిణుకు. అంటే 125 వాట్లు. వంద వాట్ల బల్బుకు 125 చూపిస్తోంది! మర్నాడు గెలిచినవాడిలా వచ్చాడు. “మీటరు తప్పే” అని సగం తరగతి చేతులెత్తింది. అప్పటిదాకా ఎక్కువగా మాట్లాడని ఒక పిల్ల, “బల్బు వేయకముందు దీపం మిణుకుమందా?” అని అడిగింది. వాడు చూడలేదు.

ఆ సాయంత్రం సార్ కూడా వోల్టేజి కొలిచే మల్టీమీటరు పట్టుకుని వెంట వెళ్లారు. అన్నీ ఆపేశాక కూడా దీపం 30 సెకన్లకు ఒకసారి మిణుకుమంటోంది. 37 వాట్ల పైన. ఇల్లంతా వెతికితే గది మూలన బట్ట కప్పి ఉన్న ఇన్వర్టర్ కనిపించింది. అన్నీ ఆపామన్నప్పుడు అది ఎవరి లెక్కలోకీ రాలేదు. బ్యాటరీ పాతది. పాతబడ్డ బ్యాటరీ నిండిన తర్వాత కూడా కరెంటు ఎక్కువగానే లాగుతూ ఉంటుంది. దాని ప్లగ్గు తీసి, మళ్లీ బల్బు ఒక్కటే వేస్తే మిణుకుకు 12.6 సెకన్లు పట్టాయి, అంటే 89 వాట్లు. ఈసారి వందకు తక్కువ! అప్పుడు సార్ వోల్టేజి చూస్తే 216 ఉంది. బల్బు నిరోధం మారదనుకుంటే సామర్థ్యం వోల్టేజి వర్గంతో పాటు తగ్గుతుంది కాబట్టి లెక్క ప్రకారం దాదాపు 88 రావాలి. పాఠ్యపుస్తకంలోని సూత్రం, గోడ మీది మీటరు ఒకే మాట చెప్పాయి.

37.5 వాట్లు నెల పొడుగునా అంటే 27 యూనిట్లు. మీటరు మీద అనుమానం తప్పని తేలింది. ‘మేం అంత వాడటం లేదు’ అన్న ఆ తల్లి మాటలో మాత్రం నిజం ఉంది. ఆమె వాడుతున్నానని ఎరిగినదంతా ఆమె లెక్కలో ఉంది, ఎరగనిది మూలన బట్ట కింద ఉంది. ఫిర్యాదు చేసిన మనిషిని తప్పుపట్టకుండా ఆ ఫిర్యాదు ఎక్కడి నుంచి పుట్టిందో చూడాలన్న సంగతిని పిల్లలు ఈ ఇంట్లో నేర్చుకున్నారు.

ఊళ్లో అందరూ అనే మాటలు మరో రెండు పరీక్షించాం. ఫ్యాను వేగం తగ్గిస్తే కరెంటు ఆదా అవుతుందా? పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు ఉన్న ఇళ్లలో మిణుకులు కొంత నెమ్మదించాయి కానీ ఫ్యాను నెమ్మదించినంతగా కాదు. పెద్దవాళ్లు చేయి పెట్టి చూసి డబ్బా వెచ్చగా ఉందన్నారు. ఆదా కావాల్సిన దాంట్లో కొంత అక్కడ వేడిగా పోతోంది. చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు ఉన్న ఇళ్లలో ఎడం బాగా పెరిగింది. కాబట్టి ‘అవును’ అనీ, ‘కాదు’ అనీ రాయలేం, ‘ఏ రెగ్యులేటరు?’ అని అడగాలి.

ఫోను లేని చార్జర్‌ను ప్లగ్గులో వదిలేస్తే? ఒక జట్టు అన్నీ ఆపించి అరగంట కూర్చుంది. దీపం ఒక్కసారీ మిణుకుమనలేదు. ‘చార్జర్ కరెంటు తీసుకోదు’ అని ‘చూసింది’ గడిలో రాసుకొచ్చారు. నేను వాళ్లను ఆపాను. మీటరు కదలడానికి కనీసం కొంత ప్రవాహం ఉండాలి, అంతకంటే తక్కువను అది లెక్కలోకి తీసుకోదు. చార్జర్ ఒక్కటే లాగేది ఆ గీత కిందే ఉంటుంది. కాబట్టి వాళ్లు చూసింది ‘మీటరు కదల్లేదు’ అన్నంత వరకే. ఆ వాక్యాన్ని వాళ్లు మూడుసార్లు తిరగరాశారు. ‘మా మీటరుతో చూస్తే కనిపించలేదు’ అన్నది చివరి రూపం.

అడగకూడని ప్రశ్న

వెనక బెంచీలో ఒక అబ్బాయి మొదటి నుంచీ ఏ లెక్కా తేలేదు. మర్చిపోయానంటాడు, ఫోను లేదంటాడు. నాలుగో రోజు నేను కొంచెం గట్టిగానే అడిగాను. వాడు తల వంచుకున్నాడు. తర్వాత సార్ పక్కకు పిలిచి, కొన్ని ఇళ్లకు మీటర్లు ఉండవని మెల్లగా చెప్పారు. నేను ఇంకేమీ అడగలేదు.

సమాచారం ఇచ్చిన మనిషికి దానివల్ల హాని జరగకూడదన్నది విలేకరులు మొదట నేర్చుకునే నియమం. పిల్లవాడి ఇంటిని పాఠంగా మార్చే హడావిడిలో నేను దాన్ని మర్చిపోయాను. మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. ఎవరైనా, కారణం చెప్పకుండా, ఇంటి బదులు బడి మీటరు దగ్గర పనిచేయవచ్చు. బిల్లుల మీద పేరు, సర్వీసు నంబరు ఉన్న భాగం కత్తిరించే తేవాలి. పిల్లలు తాము తేల్చినవి రాసి అతికించే గోడ పత్రికలో ఏ ఇంటి పేరూ ఉండకూడదు. ఈ పాఠాన్ని ఇంకొక బడిలో చేయాలనుకునే ఉపాధ్యాయులు వీటిని మొదటి రోజే పెట్టుకోవాలి, నాలాగా నాలుగో రోజు కాదు.

ఆ అబ్బాయే బడి నీళ్ల మోటారు పని ఎత్తుకున్నాడు. వైండింగ్ మెకానిక్‌ను బడికి పిలుచుకొచ్చింది వాడే. “అన్నా, మోటారు ఎక్కువ కరెంటు లాగుతోందని నీకెలా తెలుస్తుంది?” అని అడిగాడు. ఆయన సంచిలోంచి టాంగ్ టెస్టర్ (తీగలో పారే కరెంటును కొలిచే పటకారు లాంటి పరికరం) తీసి ఒక తీగ చుట్టూ తగిలించి, “చూడు బిడ్డా, ఆరు ఆంపియర్లు” అన్నారు. వోల్టేజి 218. రెండూ గుణిస్తే 1308 వాట్లు. బడి మీటరు 3200ది. అందులో ఇరవై ఎడాలకు 21 సెకన్లు పట్టాయి. అంటే 1071 వాట్లు. మళ్లీ చూశారు. సున్నా నుంచే లెక్కపెట్టారు, మీటరు మీది అంకె చూశారు, మిగతావన్నీ ఆపి దీపం ఆగిపోయిందో లేదో చూశారు. పాత తప్పులన్నింటినీ ఒక్కొక్కటే వెతికి తీసేశారు. అయినా 200 వాట్ల పైన తేడా అలాగే ఉంది.

సార్‌కు జవాబు తెలుసు. మూడు రోజులు ఆగమని నేను బతిమాలాను. ఆయన ఆగారు, అది ఆయనకు సులువు కాలేదు. మూడో రోజు ఊయల ఉదాహరణతో చెప్పారు. ఊయల ముందుకు పోతున్నప్పుడు తోస్తే మన బలం దానిలోకి పోతుంది. అది మన మీదికి వస్తున్నప్పుడు తోస్తే అదే మన చేతులను వెనక్కి నెడుతుంది. ఏసీ కరెంటుతో నడిచే మోటారులో వోల్టేజి, కరెంటు ఒకే తాళంలో ఊగవు. కరెంటు కొంచెం వెనకబడుతుంది. దాంతో ప్రతి ఊపులో కాసేపు శక్తి మోటారు నుంచి తీగల్లోకి తిరిగి వస్తుంది. టాంగ్ టెస్టర్‌కు ఆ రాకపోకలు తెలియవు, మీటరుకు తెలుస్తాయి. మీటరు చూపే వాట్లు, వోల్టేజినీ కరెంటునూ గుణిస్తే వచ్చే అంకెలో ఎన్నో వంతో చెప్పేదాన్ని పవర్ ఫ్యాక్టర్ అంటారని, పదో తరగతిలో అది లేదని చెప్పారు.

ఏం మిగిలింది

పాఠం చివర పెట్టిన పరీక్షలో వాట్‌కూ యూనిట్‌కూ తేడా అడిగిన ప్రశ్నకు దాదాపు అందరూ సొంత మాటల్లో రాశారు. ఎక్కువమంది మిణుకుల ఉదాహరణే ఇచ్చారు. కానీ నిరోధాల శ్రేణి, సమాంతర సంధానం లెక్కల్లో వెనకబడ్డారు. తొమ్మిది పీరియడ్లు మీటరు దగ్గరే గడిపితే ఇంకేమవుతుంది? సార్ ఆ తర్వాత నాలుగు రోజులు సాయంత్రం ఉండి వాటిని చేయించారు. ఆ భారం నా పాఠం ఆయన మీద వేసింది. ఈ ఏడాది దీన్ని ఏడు పీరియడ్లకు కుదిస్తున్నాం. చార్జర్ పరీక్షను వదిలేద్దామని సార్ అంటున్నారు, నేను ఒప్పుకోవడం లేదు. కుదించాల్సి వస్తే ఇస్త్రీ పెట్టె, టీవీ కొలతలు తీసేయవచ్చు. ‘కనిపించలేదు’కూ ‘లేదు’కూ తేడా తెలిసే చోటును మాత్రం తీయకూడదు.

గోడ పత్రికను రెండు చార్టుల మీద రాసి వరండాలో అతికించారు. కూలర్ కథనం పైన ఉంది. దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో, ‘సవరణ: మా ఇంటి ఫ్యాను 150 వాట్లని చెప్పాను. మీటరు మీది అంకె చదవకుండా లెక్క వేశాను. సరైనది 75’ అని ఆ అమ్మాయి రాసింది. పేరు వద్దన్నా వినకుండా తన పేరు పెట్టుకుంది. మోటారు కథనం కింద ఆ అబ్బాయి రాసిన వాక్యం ఇది: ‘తేడాకు కారణం పవర్ ఫ్యాక్టర్ అని సార్ చెప్పారు. మేం ఇంకా చూడలేదు.’

దసరా సెలవుల తర్వాత నేను మళ్లీ వెళ్లేసరికి చార్టు అంచులు చిరిగి ఉన్నాయి. ఆ వాక్యం కింద ఎవరో పెన్సిల్‌తో చిన్నగా రాశారు. దస్తూరి తొమ్మిదో తరగతి పిల్లవాడిదని సార్ గుర్తుపట్టారు. ‘పైపు వాల్వు మూసి, మోటారు మీద బరువు తగ్గించి చూస్తే తేడా పెరుగుతుందా, తగ్గుతుందా?’